పలకకుండా మెట్లెక్కినవాడు

చిన్న కథ. పొయ్యి మీద కాఫీ పొంగేలోపు చెప్పేస్తాను. మా పక్కింటి ముసలమ్మ షేఖా వాళ్ళింటికి ఒక సాయంత్రం ఒకాయన వచ్చాడు. ఇంతవరకూ వెళ్ళలేదు. అంతే కథ.

కానీ ఆ ఇంటి తలుపు సంగతి తెలియకపోతే మీకు అర్థం కాదు. తలుపు సంగతి చెప్పాలంటే బఖీత్ సంగతి చెప్పాలి. బఖీత్ సంగతి మొదలుపెడితే కాఫీ ఎలాగూ పొంగిపోతుంది కాబట్టి దించి పక్కన పెడతాను.

మా ఊరు మిష్రాఫ్‌లో బఖీత్ పెళ్ళిళ్ళకి డప్పు కొట్టేవాడు. బాగానే కొట్టేవాడు, తిండి మాత్రం పెళ్ళికొడుకు కన్నా ముందు తినేవాడు. పార్టీ రాజ్యం వచ్చి, భూములున్న షేకులంతా రాత్రికి రాత్రి సరిహద్దు దాటిపోయాక, ఊళ్ళో గట్టి గొంతున్నవాడు అతనొక్కడే మిగిలాడు. రక్షణ కమిటీకి పెద్దని చేశారు. నడుముకి పిస్తోలు వచ్చింది, ఎక్కడానికి జీపు వచ్చింది, పేరు ముందు కామ్రేడ్ వచ్చింది. వేళ్ళు మాత్రం పాతవే. సామ్రాజ్యవాదం నశించాలి అని మీటింగులో అరుస్తూ బల్ల మీద దరువు వేసేవాడు. అది పెళ్ళికూతుర్ని అత్తారింటికి తీసుకొచ్చేటప్పటి దరువు. వెనక కూర్చున్న ఆడవాళ్ళం పెదాలు కొరుక్కునేవాళ్ళం. నవ్వడానికి లేదు. నవ్వినవాళ్ళ పేర్లు ఎక్కడికో వెళ్ళేవి.

ఇక తలుపు. మావి మట్టి ఇళ్ళు, తాడిచెట్టంత ఎత్తు. కింద మేకలు, ఆ పైన ఖర్జూరాల కొట్టు, ఇంకా పైన మనుషులు. ఎవరైనా తలుపు తడితే అంత కిందికి ఎవరు దిగుతారు? అందుకని చెక్క గడియకి తాడు కట్టి, అంతస్తు అంతస్తుకీ కన్నం పెట్టి, ఆ తాడు కొస పైన కిటికీ గదిలోకి తెచ్చుకుంటాం. కిటికీలోంచి ఎవరని అడిగి తాడు లాగితే కింద గడియ లేస్తుంది. వచ్చింది మగవాడైతే మెట్లెక్కుతూ, మలుపు మలుపుకీ, "అల్లా... అల్లా..." అని గట్టిగా పలకాలి. ఆడవాళ్ళు ముసుగు సర్దుకుని పక్కకి తప్పుకోవడానికి. మొగుడైనా పలకాల్సిందే, కన్నకొడుకైనా పలకాల్సిందే. మతం వెనకబాటుతనమని మీటింగులో చెప్పే బఖీత్ కూడా మా మెట్లెక్కితే అందరికన్నా గట్టిగా అల్లా అనేవాడు. నాలుకకి సిద్ధాంతం ఇంకా అందలేదు.

కమిటీ ఒక కొత్త కట్టడి పెట్టింది. మూడోసారి తట్టేలోగా తలుపు తెరవని ఇంట్లో ఏదో దాస్తున్నట్టే లెక్క. దాంతో ఎవరని అడిగే అలవాటు ఊళ్ళో పోయింది. ముందు తాడు లాగేవాళ్ళం, తరవాత భయపడేవాళ్ళం.

షేఖాకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు యుస్లిమ్, చిన్నవాడు కరామా. ఇద్దరూ మట్టి ఇళ్ళు కట్టే మేస్త్రీలు. సహకార సంఘానికి ఏడెన్ నుంచి ట్రాక్టరు వచ్చి, వచ్చిన వారానికే పొలంలో ఆగిపోయింది. చుట్టూ చేరిన జనంలో యుస్లిమ్ అన్నాడు, "ఒంటె కాలు విరిగితే కోసుకు తినొచ్చు. దీన్నేం చేసుకుంటాం?" అందరూ నవ్వారు. బఖీత్ కూడా నవ్వాడు, పొట్ట పట్టుకుని మరీ. కొన్నాళ్ళకి పొద్దుగూకే వేళ షేఖా ఇంటి తలుపు తట్టారు. పొలం నుంచి వస్తూ జల్లెడ కోసం నేనే ఆగాననుకుని షేఖా తాడు లాగింది. పైకి బూట్లు ఎక్కాయి. పట్నం నుంచి వచ్చినవాళ్ళు. మేం వాళ్ళని రాత్రి చుట్టాలు అనేవాళ్ళం. వాళ్ళు కూడా మెట్ల మీద అల్లా అల్లా అన్నారు. వాళ్ళకీ తల్లులు ఉండి ఉంటారు. రెండు ప్రశ్నలు అడిగి పంపిస్తామని యుస్లిమ్‌ని తీసుకెళ్ళారు.

అప్పటి నుంచి షేఖా ఆ తాడు పక్కనే కూర్చుంది. తినడం అక్కడే, పడుకోవడం అక్కడే, తాడు కొస మణికట్టుకి చుట్టుకుని. ఏడ్చి ఏడ్చి చూపు పోయిందంటుంది. చూపు అంతకుముందే పోయింది, శుక్లాలు. జల్లెడ నాది కాదు, ఆమెదేనని కూడా ఇప్పటికీ ఒప్పుకోదు.

చిన్నవాడు కరామా పట్నం వెళ్ళి, "మా అన్న ఎక్కడున్నాడు?" అని అడిగాడు. అలాంటి మనిషే లేడన్నారు. మళ్ళీ వెళ్ళి అడిగాడు. మళ్ళీ అదే మాట. మళ్ళీ వెళ్ళాడు. ఈసారి టీ ఇచ్చి కూర్చోబెట్టి, "ఎందుకు శ్రమ పడతావు? మేమే మీ ఇంటికొచ్చి చెబుతాం" అన్నారు.

ఆ మాటతో కరామాకి ఊళ్ళో నూకలు చెల్లిపోయాయి. ఇక సరిహద్దు దాటడం ఒక్కటే దారి. మబ్ఖూత్ అని, ఎడారి దారులన్నీ తెలిసిన ఒక బెదూ ఉన్నాడు. నెయ్యి అమ్ముతాడు. నెయ్యిలో కన్నా అతని మాటలో కల్తీ తక్కువ. పొద్దుగూకాక వీధిలో నెయ్యి అని కేకేస్తే కరామా దిగి అతని వెంట వెళ్ళాలి. ముందు కరామా, స్థిరపడ్డాక అతని భార్య ముజ్నా. అదీ ఏర్పాటు.

ఆ సాయంత్రం ఎర్రదుమ్ము లేచింది. పొద్దు ఇంకా ఉండగానే ఊరు చీకటైంది. ఎదుటి ఇల్లు కనపడలేదు. కిటికీ చెక్కల సందుల్లోంచి దుమ్ము సన్నగా, పిండి జల్లించినట్టు లోపలికి రాలుతోంది. దీపం చుట్టూ ఎర్రటి మసక. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య పై అంతస్తు గోడలో చిన్న తలుపుంది, ఆడవాళ్ళం వీధిలోకి దిగకుండా తిరగడానికి. అందులోంచి దారికి రొట్టెలు పట్టుకుని వెళ్ళాను.

"ఇన్ని రొట్టెలు ఎందుకు తుఫ్ఫాహా పిన్నీ?" అన్నాడు కరామా. "పారిపోతున్నానా, పెళ్ళికి వెళ్తున్నానా?"

"నువ్వు తినకపోతే ఒంటెకి పెట్టు. నా రొట్టె తిన్న ఒంటె వెనక్కి తిరిగి చూడదు."

ముజ్నా నవ్వలేదు. అతని అంగీకి బొత్తాం కుడుతోంది, ఉన్న బొత్తాన్నే మళ్ళీ.

"వెళ్ళాక పిలుస్తావుగా?" అంది.

"పిలుస్తాను."

"నువ్వు పిలిచేదాకా ఎవరొచ్చి ఏమడిగినా నాకు తెలియదనే చెబుతాను."

"ఏం తెలుసు నీకు, తెలియదని చెప్పడానికి?" అని ఆమె తల మీద చెయ్యి పెట్టి, కరామా కిందికి దిగి ఖర్జూరాల కొట్లో కూర్చున్నాడు, పెద్ద జాడీల వెనక. మేం ముగ్గురం పైన. గాలి ఇంటి చుట్టూ తిరుగుతోంది. మేకలు ఒక్కటీ అరవలేదు.

అప్పుడు తట్టారు.

గట్టిగా కాదు. వేలి కణుపులతో, మెల్లగా.

నెయ్యి కేక కాదు. కిటికీ దగ్గరికి వెళ్ళాను. దుమ్ములో ఏమీ కనపడలేదు. కింద నుంచి గొంతు వచ్చింది.

"అమ్మా... నేను."

యుస్లిమ్ గొంతు.

షేఖా లేచి నిలబడింది. ముజ్నా ఒక్క గెంతులో వెళ్ళి తాడు పట్టుకుంది.

"వద్దత్తా," అంది గుసగుసగా.

"నా కొడుకు."

"బావగారే కావచ్చు. ఆయన వెనక ఎవరున్నారో? ఆయన చేత పిలిపిస్తున్నారేమో."

"వదిలిపెట్టారేమోనే..."

నేను ఇంకో మాట అనుకున్నాను. పైకి అనలేదు. ముజ్నా కూడా అదే అనుకుందని ఆమె చేతి మీద లేచిన వెంట్రుకలు చెప్పాయి.

మళ్ళీ తట్టారు.

"అమ్మా... చలిగా ఉంది."

ఎండాకాలం. దుమ్ము గాలికి గోడలు సెగలు కక్కుతున్నాయి.

"కొట్లో ఆయన ఉన్నాడత్తా! ఉన్న ఒక్కడు! తలుపు తీస్తే..."

"మూడోసారి తట్టనివ్వకే," అంది షేఖా. "తట్టనిచ్చి తెరవకపోతే ఎలాగూ వస్తారు." కమిటీ కట్టడి అడ్డం పెట్టుకుంది ముసలిది. అంతలో ముజ్నా చేతిని కొరికింది. మెత్తటి ఖర్జూరం నమలలేని నోరు. రక్తం వచ్చింది. ముజ్నా పట్టు వదిలింది. షేఖా తాడు చుట్టుకున్న మణికట్టు పైకి లాగింది.

కింద గడియ లేచిన చప్పుడు.

గాలి లోపలికి రావాలి కదా. రాలేదు. వాసన వచ్చింది. తడిమట్టి వాసన. ఇటుకలకి తొక్కిన మట్టి రాత్రంతా నానితే వచ్చే వాసన.

అడుగులు మొదలయ్యాయి. ఉత్తికాళ్ళు. ఒకటి... ఆగి... ఇంకొకటి.

మేం ముసుగులు సర్దుకుని గోడకి చేరాం. మొదటి మలుపు వచ్చింది. ఇప్పుడు అల్లా అంటాడు, అనుకున్నాం.

అనలేదు.

షేఖా పెదాలు కదులుతున్నాయి. కొడుక్కి మాట అందిస్తున్నట్టు. "అను నాయనా... అను..."

రెండో మలుపు. ఏమీ లేదు. ఊపిరి కూడా వినపడలేదు. అడుగు ఒక్కటే... తడి అడుగు... మట్టి మీద మట్టి పడ్డట్టు.

కొట్టు దగ్గర ఆగింది.

కొట్టు తలుపు కిర్రుమంది. మూసుకుంది.

"యుస్లిమ్?" అంది షేఖా. పలకలేదు. "కరామా?" అంది. పలకలేదు.

ముజ్నా దీపం తీసుకుని మెట్ల వైపు నడిచింది. దీపం వణకలేదు, మంట నిటారుగా నిలబడింది. ఆమె మొదటి మెట్టు మీద కాలు పెట్టేసరికి వీధి తలుపు దబదబా మోగింది. తుపాకీ మడమ. వెంటనే, "అల్లా! అల్లా!" అంటూ బూట్లు.

బఖీత్. వెనక పట్నం సిపాయిలు ఇద్దరు. తలుపు తెరిచే ఉంది కాబట్టి ఎవరి అనుమతీ అక్కర్లేకపోయింది. పైకి కూడా రాలేదు, నేరుగా కొట్లోకి వెళ్ళారు. టార్చి వెలుగు మెట్ల గోడ మీద అటూ ఇటూ ఊగింది. "ఇదిగో, ఉన్నాడు," అన్న మాట వినపడింది.

బయటికి తెచ్చారు. ఒక్కడినే. తల వంచుకుని ఉన్నాడు. తలగుడ్డతో మొహం చుట్టేశారు. ముజ్నా దీపం వదిలేసి మెట్ల మీద పడి అరిచింది. అంత అరుపు ఆ సన్నటి పిల్లలో ఉందని నాకు తెలియదు. అతను పెనుగులాడలేదు. తల ఎత్తలేదు. టార్చి వెలుగులో నాకు పాదాలు కనిపించాయి. చీలమండల దాకా తడిమట్టి. వాన చూసి ఏళ్ళయిన ఊరు మాది.

"క్షమించు పిన్నీ, పై నుంచి వచ్చిన ఆజ్ఞ," అన్నాడు బఖీత్ నాతో. పిస్తోలు ఒర మీద వేళ్ళు దరువు వేస్తున్నాయి. ఏ దరువో పోల్చుకోలేకపోయాను.

జీపు వెళ్ళిపోయింది. ముజ్నా మెట్ల మీదే ఉంది. షేఖా నేల మీద కూర్చుని, "నేనే లాగాను, మళ్ళీ నేనే లాగాను," అంటోంది. ఓదార్చే మాట నాకు ఒక్కటీ దొరకలేదు. నాకు మాట దొరకని సందర్భం ఊళ్ళో అదే మొదటిది, కావాలంటే అడగండి.

వీధిలోంచి కేక వినిపించింది. "నెయ్యీ... ఆవు నెయ్యీ..."

కొట్టు తలుపు తెరుచుకుంది. కరామా బయటికొచ్చాడు.

"ఏడుస్తారేం? మబ్ఖూత్ వచ్చాడుగా," అన్నాడు. మొహం సున్నం కొట్టినట్టుంది.

ముజ్నా అతన్ని పట్టుకుంది. భుజాలు, మెడ, మొహం, అన్నీ తడిమింది. "ఇప్పుడు తీసుకెళ్ళింది ఎవర్ని?"

"నాకు తెలీదు. చీకట్లో ఎవరో వచ్చి పక్కన కూర్చున్నారు. నువ్వే అనుకున్నాను. నా నోటి మీద చెయ్యి పెట్టారు. చల్లగా..." ఆగాడు. "టార్చి నా మీదే పడింది ముజ్నా. కళ్ళలోకి పడింది. జాడీని చూసినట్టు చూసి పక్కకి తిప్పుకున్నారు."

అతని మూతి మీద ఐదు వేళ్ళ మట్టి. తడిగా.

షేఖా తడుముకుంటూ వచ్చింది. "అన్నరా వాడు. నీ అన్న. నిన్ను కాయడానికొచ్చాడు." మేం ముగ్గురం అదే నమ్మాం. నమ్మడానికి అంతకన్నా మంచిది ఏదీ ఆ ఇంట్లో లేదు. కరామా తల్లి చేతులు ముద్దు పెట్టుకుని, మెట్లు దిగి, దుమ్ములోకి వెళ్ళిపోయాడు. రొట్టెలు మరిచిపోయాడు.

మర్నాడు కరామా అరెస్టయ్యాడని కమిటీ ఊరికి చెప్పింది. ముజ్నా వీధిలో గుండెలు బాదుకుని ఏడ్చింది. నేను పక్కన నిలబడి ఇంకాస్త గట్టిగా అని గిల్లుతూ వచ్చాను. ఇక కరామాని ఎవరూ వెతకరు. జైల్లో ఉన్నవాణ్ణి సరిహద్దులో ఎవరు వెతుకుతారు? చాలా రోజుల తరవాత మబ్ఖూత్ వచ్చి, కరామా సరిహద్దు అవతల జెద్దాలో రొట్టెల బట్టీలో పనికి కుదిరాడని చెప్పాడు. ఆ రోజు ముజ్నా నా ఇంట్లో అన్నం తింటూ నవ్వింది. "మన పార్టీకి దెయ్యాలంటే నమ్మకం లేదు కదా పిన్నీ, అందుకే పోల్చుకోలేకపోయింది," అంది. నేనూ నవ్వాను.

ఖర్జూరాలు కోసే రోజుల్లో జీపు మళ్ళీ వచ్చింది.

ఊరంతా వీధిలోనే ఉంది. బఖీత్ దిగాడు. కాగితం లేదు, ఉపన్యాసం లేదు. "కామ్రేడ్ కరామా నిర్దోషి అని తేలింది. పార్టీ విడుదల చేసింది," అన్నాడు నేలకేసి చూస్తూ. జీపు వెనక నుంచి ఒకతను దిగాడు.

అన్నదమ్ముల పోలికే. పొడుగు అంతే. యుస్లిమ్‌కి ముందు పన్ను విరిగి ఉండేది. ఇతనికి పళ్ళన్నీ ఉన్నాయి. కరామాకి గడ్డం కింద మచ్చ ఉండేది. ఇతనికి ఏ మచ్చా లేదు. ఎక్కడా ఏదీ లేదు. కొత్తగా పూసిన గోడలా ఉంది మొహం.

ముజ్నా గడపలో నిలబడింది. బఖీత్ దగ్గరికెళ్ళాడు. నేను పక్కనే ఉన్నాను.

"మీ ఆయనే కదా చెల్లీ?" అన్నాడు. అడగడం కాదది, బతిమాలడం.

ముజ్నా ముసుగు ఇంకాస్త కిందికి లాక్కుంది.

"కాదంటే," అన్నాడు ఇంకా చిన్నగా, "నీ మొగుడు ఎక్కడున్నాడో చెప్పమంటారు. నేనెవర్ని తెచ్చానో నన్నూ చెప్పమంటారు."

జీపులో పట్నం సిపాయిలు సిగరెట్లు కాలుస్తూ ఇటే చూస్తున్నారు. వీధంతా చూస్తోంది. ముజ్నా ఆ మనిషి వైపు చూసింది. అతను ఆమె వైపు చూస్తున్నాడో లేదో చెప్పలేను.

"ఆయనే," అంది.

అతను మెట్లెక్కాడు. పలకకుండా.

పైన షేఖా రెండు అరచేతులతో అతని మొహం తడిమింది. చాలాసేపు తడిమింది. తరవాత చేతులు వెనక్కి తీసుకుని తన ముసుగుకి తుడుచుకుంది. "అన్నం పెట్టవే," అంది కోడలితో. యుస్లిమ్ అనలేదు, కరామా అనలేదు. ఆ రోజు నుంచి తాడు దగ్గర కూర్చోవడం మానేసింది.

ఒకసారి బఖీత్‌ని బావి దగ్గర ఒంటరిగా పట్టుకుని ఆ వచ్చినవాడి సంగతి అడిగాను.

"ఆ సాయంత్రం జీపులో వాడి చేతులు నేనే కట్టాను పిన్నీ," అన్నాడు. "కడుతుంటే తాడు తడిసిపోయింది. జైల్లో ఒక్క రాత్రీ కళ్ళు మూయలేదు. కొట్టారు. కొట్టినవాళ్ళ చేతులు వాచాయి. వాళ్ళే వదిలేశారు. తీసుకుపొమ్మన్నారు, ఎక్కడికైనా."

"మరి అప్పుడే చెప్పకపోయావా, వీడు వాడు కాదని?"

"ఎవరికి?" అన్నాడు. బఖీత్ ఇప్పుడు పెళ్ళిళ్ళకి కూడా డప్పు కొట్టడు. తిండి తగ్గింది. పెళ్ళికొడుకులకి మంచిదే.

మొదట్లో ముజ్నా రాత్రిళ్ళు మా ఇంట్లో పడుకునేది. గోడలో తలుపుకి నేను గడియ పెట్టేదాన్ని. అవతల, గడియ పెట్టిన కాసేపటికి, ఎవరో వచ్చి నిలబడేవారు. తట్టేవారు కాదు. తడిమట్టి వాసన తలుపు కింద నుంచి వచ్చేది. అంతలో మీటింగులో ఎవరో అడిగారు, విడుదలైన మొగుణ్ణి వదిలి ఆ పిల్ల పక్కింట్లో ఎందుకు పడుకుంటోంది, పార్టీ తీర్పు మీద ఏమైనా అనుమానమా అని. మర్నాడు బఖీత్ వచ్చాడు. మెట్ల మీద అల్లా అల్లా అంటూ, మెల్లగా ఎక్కాడు.

"ఇంటికెళ్ళి పడుకో చెల్లీ," అన్నాడు.

ముజ్నా దుప్పటి మడత పెట్టుకుని, గోడలో తలుపు తీసుకుని వెళ్ళింది. వెళ్ళేముందు నా చెయ్యి పట్టుకుంది. నేను ఆపుతానేమోనని చూసింది. నేను గడియ తీసి పక్కకి జరిగాను.

ఆ తరవాత మబ్ఖూత్ మరోసారి వచ్చాడు. కరామా అన్నీ ఏర్పాటు చేశాడు, వచ్చే అమావాస్యకి ముజ్నా బయల్దేరాలి అన్నాడు. ముజ్నా అప్పటికి కడుపుతో ఉంది.

"కరామా ఇంట్లోనే ఉన్నాడని చెప్పు," అంది.

మబ్ఖూత్ ఆమె భుజం మీదుగా వెనక్కి, మెట్ల చీకట్లోకి చూశాడు. నెయ్యి కుండ అక్కడే వదిలేసి వెళ్ళాడు. మళ్ళీ మా ఊరు రాలేదు. నెయ్యి బాగుంది.

మళ్ళీ ఎండాకాలం వచ్చేసరికి ముజ్నాకి కొడుకు పుట్టాడు. నేనే పురుడు పోశాను. బొద్దుగా ఉన్నాడు, పాలు బాగా తాగుతాడు, పిలిస్తే చూస్తాడు. ఈ మధ్యే మాటలు కూడా వస్తున్నాయి. పుట్టినప్పటి నుంచి ఇంతవరకూ వాడు నిద్రపోలేదు.